బావ అడిగిన ప్రమాణం

గద్వాల చీర ఒక్క మనిషి నేసేది కాదు. నడుమ చీర ఒళ్లంతా నూలు, రెండు పక్కలా పట్టు అంచు. నూలు పోగూ పట్టు పోగూ అంచు దగ్గర ఒకదాన్నొకటి పట్టుకుని మెలిక పడాలి. ఆ మెలిక తప్పితే నాలుగు ఉతుకులకే అంచు విడిపోతుంది. అందుకని మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు తోసిన నాడెను ఇంకొకరు అందుకుని తిరిగి తోయాలి. అలా తొమ్మిదేళ్లు నేను మా బావకు ఎడమ పక్కన కూర్చున్నాను. ఆయనకు దగ్గు వచ్చేది కూడా నాకు ముందే తెలిసేది. అంత దగ్గర కూర్చుని ఆ మనిషి మనసులో ఏముందో మాత్రం చివరిదాకా కనిపెట్టలేకపోయాను. నా తెలివి అంతే.

బావ అంటే మా అక్క మొగుడు. మా నాయనకు కళ్లు మసకబారి పోగు కనబడని రోజుల్లో, మగ్గం పడావు పడకూడదని రాయచూరు దిక్కు పల్లె నుంచి ఆయన్ని ఇల్లరికం తెచ్చుకున్నారు. నాకు నేత నేర్పింది ఆయనే. నాయన పోయాక ఇంటికి పెద్ద దిక్కూ ఆయనే. మాటల్లో కన్నడం దొర్లేది. కోపమొస్తే తెలుగు మర్చిపోయి "సాకు, సాకు" అనేవాడు, చాలు చాలు అని. కండెలు చుట్టే ఆడవాళ్లు ఆ మాటకు ముసిముసిగా నవ్వుకుంటే ఆయనా నవ్వేవాడు. నేనైతే బావమరిదిని కాబట్టి పొద్దున లేచింది మొదలు ఆటపట్టించేవాణ్ని. అది నా హక్కు అనుకునేవాణ్ని. ఆయన కూడా నా నత్తనడక మీద, నా పొట్ట మీద బాకీ ఉంచకుండా తిరిగి వేసేవాడు.

యుద్ధం వచ్చి నూలుకు కరువొచ్చింది. రైలు దిగిన నూలు మూటలు దిగినట్టే సావుకారు కొట్లోకి వెళ్లిపోయేవి. తన దగ్గర కూలికి నేస్తామని ఒప్పుకున్న వాళ్లకే ఆయన నూలిచ్చేవాడు. సొంత మగ్గం, సొంత చీర అనుకున్న వాళ్లకు ఒక్క చిలప నూలు కూడా దొరికేది కాదు. మగ్గాలకు గుడ్డలు కప్పి మా వాళ్లు వేరుశనగ చేలల్లోకి కూలికి పోయారు. పట్టు దారం పట్టిన చేతులు మట్టి పీకితే ఎట్లుంటాయో నేను చూశాను. వేళ్లు చీలి మళ్లీ దారం ముట్టుకుంటే పోగు తెగేది.

అప్పుడు లేచాడు బావ. ఒక పొద్దున వాడలో మగవాళ్లందరినీ పిలిచి తలా ఒక ఖాళీ నాడె చేత పట్టుకోమన్నాడు. కండె లేని నాడెలు పట్టుకుని సంస్థానం కచేరీ ముందు పొద్దు గూకేదాకా కూర్చున్నాం. నూలు సావుకారుకు కాదు, నేసేవాళ్ల సంఘానికి ఇవ్వండి, మేమే పంచుకుంటాం అన్నది బావ అడిగిన మాట. జవాన్లు లేవమంటే లేవలేదు. ఎంత గొంతు ఆ మనిషికి! ఆ రోజు ఆయన వెనక కూర్చుని, ఈయన మా బావ అని నాలో నేనే పదిసార్లు అనుకున్నాను.

అలా సంఘానికి ఆయన పెద్ద అయ్యాడు. ఎవరూ కూర్చోబెట్టి ఎన్నుకోలేదు. ఆయన ముందు నడిచాడు, మేము వెనక నడిచాం, అంతే. ఇప్పుడు ఆలోచిస్తే అక్కడే ముల్లు గుచ్చుకుందనిపిస్తుంది. నువ్వే మా సంఘానికి పెద్ద అని ఒక్కరైనా నోరు తెరిచి అని ఉంటే ఆయన కుదుటపడేవాడేమో. మాకు ఆ అవసరం తోచలేదు.

కొన్నాళ్లకు నూలు కంట్రోలు చూసే అధికారి గద్వాలకు వచ్చాడు. నేను సర్కారు బడిలో నాలుగు తరగతులు ఉర్దూ చదివినవాణ్ని, అర్జీ నేనే రాశాను. బావకు సంతకం ఒక్కటే వచ్చు. అధికారి అర్జీ చదివి, ఎవరిదీ దస్తూరీ అని అడిగాడు. నాదన్నాను. ముత్యాల్లా ఉందన్నాడు. అక్కడినుంచి ఆయన అడిగిందల్లా నన్నే అడిగాడు. పక్కన నిలబడ్డ బావ ఒకటి రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. చివరికి అధికారి చెప్పింది ఇది: నెల తిరిగేసరికి మళ్లీ వస్తాను, వాడలో అందరూ ఒప్పుకున్న జిమ్మేదారు, అంటే నూలుకు పూచీపడే మనిషిని ఒకరిని నా ముందు నిలబెట్టండి, నూలు ఆయన చేతికిస్తాను. ఒక్క మాట మీద లేకపోతే సావుకారుకే రాసిస్తాను, మళ్లీ నా దగ్గరికి రావద్దు.

అది సంతోషపడాల్సిన రోజు. తిరిగొస్తూ వాడ అరుగుల దగ్గర ఆగితే, ఏమన్నాడేమన్నాడని అందరూ మూగారు. బావ చెప్పబోయి ఆ ఉత్సాహంలో ఉర్దూ, తెలుగు, కన్నడం కలగాపులగం చేశాడు. నేను ఊరుకుంటే అయిపోయేది. మా బావ మాటలు సగం రాయచూరులోనే దిగిపోయినయి, సగమే గద్వాలకు చేరినయి అన్నాను. అరుగంతా ఘొల్లుమంది. బావ నవ్వలేదు. ఆ ముఖం నేను చూశాను, చూసి కూడా మిగిలింది నేనే చెప్పడం మొదలుపెట్టాను.

ఆ మరునాటి నుంచి మా మగ్గం మీద మాటలు తగ్గిపోయాయి. చేతిలో ఉన్న ఆఖరి నూలుతో ఒక్క చీర మిగిలింది, అదే కొంచెం కొంచెం నేస్తున్నాం. బావ నాడె తోసేముందు ఆగి నా వైపు చూసేవాడు. మధ్యలో ఉన్నట్టుండి, నిన్న ఫలానా అరుగు మీద ఎంతసేపు కూర్చున్నావు, నేను రాగానే మాట ఎందుకు ఆపారు అని అడిగేవాడు. ఏమీ లేదు బావా, వానల గురించి అంటే, వానల గురించి అయితే ఆపడమెందుకు అనేవాడు. రెండు రోజులకు నేను అరుగుల మీద కూర్చోవడమే మానేశాను. అప్పుడు ఆయన, ఎందుకు మానేశావని అడిగాడు.

ఎవరు ఎదురొచ్చినప్పుడు ముందు పలకరించారో, ఎవరు తల తిప్పుకున్నారో ఇంటికొచ్చి అక్కకు ఒప్పజెప్పేవాడు. నూలు వస్తే ఎవరికెంత పంచాలి, ఎక్కడ దాచాలి అన్న మాటే లేదు. నెలలో పది రోజులు అలాగే కరిగిపోయాయి. నాకు అన్నం సహించేది కాదు. ఆయన అడుగుల చప్పుడు వినగానే, నేనేం తప్పు చేశానా అని రోజంతా తిరగేసుకునేవాణ్ని. తప్పు దొరకకపోతే ఇంకా భయమేసేది.

ఒక ఉదయం నేను మగ్గం దగ్గరికి వచ్చేసరికి ఆయన ఇంకా మగ్గం కింది కాళ్ల గుంటలో దిగలేదు. పక్కన నిలబడి ఉన్నాడు. అక్క కండెల బుట్ట పట్టుకుని గడపలో ఉంది.

"జనం నిన్నే జిమ్మేదారు చెయ్యాలనుకుంటుండ్రు" అన్నాడు.

ఎవరన్నారు బావా, నాకు తెల్వదు అన్నాను. ఎవరూ అనక్కర్లేదన్నాడు. ఇల్లు నీ నాయనది, మగ్గం నీ నాయనది, చదువు నీది, నాకేముంది, నోరొక్కటే కదా అన్నాడు. అంత పెద్ద కచేరీ ముందు జవాన్లకు బెదరని మనిషి గొంతు ఆ మాటకు వణికింది. నీ కుర్చీ నాకొద్దు, ఎట్ల నమ్ముతవో చెప్పు అన్నాను.

మగ్గం మీద చెయ్యి పెట్టమన్నాడు.

ఇది వేరే చోటివాళ్లకు చిన్న మాటలా అనిపించవచ్చు. మా వాడలో మగ్గం మీద ప్రమాణం ఒక్క సందర్భంలోనే చేస్తారు. ఎవరి మీదైనా నూలు దొంగిలించాడని నింద పడితే, వాడు తలస్నానం చేసి తడిబట్టలతో వచ్చి, మగ్గం మీద చెయ్యి పెట్టి నేను తీయలేదని చెప్పాలి. అంతకుమించి దేనికీ చెయ్యరు. కాబట్టి మగ్గం ముట్టమని అడగడమంటే ఎదుటివాణ్ని దొంగ అన్నట్టే. పైగా మగ్గం మీద ఇచ్చిన మాట తప్పినవాడి పక్కన మళ్లీ ఎవరూ నాడె పట్టుకుని కూర్చోరు. పక్కన మనిషి లేకుండా గద్వాల నేతగాడు ఏం నేస్తాడు? బావకు ఇదంతా తెలియక కాదు, పదిహేనేళ్లు మా మధ్య బతికినవాడు. మామూలు మాట ఆయనకు చాలలేదు.

"బీచుపల్లికి పోదాం బావా, ఆంజనేయుని ముందర చేస్త. మగ్గం మీద వద్దు" అన్నాను.

"దేవుడు దూరమున్నడు" అన్నాడు ఆయన. "మగ్గం రోజూ నా కండ్ల ముందర ఉంటది."

నేను వెళ్లి నెత్తిన నీళ్లు పోసుకుని తడి పంచెతో వచ్చాను. బతికినన్నాళ్లు నీ జాగాలో కూర్చోను అని మగ్గం మీద చెయ్యి పెట్టి చెప్పాను. ఆ మాటలు విన్నది బావ, అక్క, నేను. బావ గట్టిగా ఊపిరి వదిలి గుంటలో దిగి కూర్చున్నాడు. ఆ పూట హాయిగా నేశాం, నా పొట్ట మీద ఒక చెణుకు కూడా వేశాడు. తర్వాత అక్క నన్ను పెరట్లోకి పిలిచి, ఎందుకు చేసినవురా అంది. ఆయన మనసు నిమ్మళమైతది కదక్కా అన్నాను. అక్క నన్ను జాలిగా చూసింది. ఆమెకు ఆయన సంగతి నాకంటే ఎక్కువ తెలుసు.

నిమ్మళం మూడు రోజులు ఉంది. నాలుగో రోజు, నువ్వొక్కనివి చేస్తే ఏమైతది, మిగిలినోళ్ల సంగతేంది అన్నాడు. ఇంటింటికీ బయలుదేరాడు. నన్ను వెంట రమ్మన్నాడు. వెళ్లకపోతే అనుమానం, వెళ్తే సిగ్గు. వెళ్లాను.

మొదట వాడలో అందరికంటే పెద్దాయన ఇంటికి పోయాం. మా నాయనకు నేత నేర్పిన మనిషి ఆయన. కచేరీ ముందు ఆ వయసులో కూడా బావ పక్కనే పొద్దంతా ఎండలో కూర్చున్నవాడు. బావ సంగతి చెప్పి, నా మాట దాటనని జర మగ్గం ముట్టి చెప్పు పెద్దయ్యా అన్నాడు.

"నేనేం దొంగతనం చేసిన బిడ్డా?" అని అడిగాడు ముసలాయన.

"నా బామ్మర్దే చేసిండు. నీకేంది?" అన్నాడు బావ.

పెద్దాయన నా వైపు చూశాడు. కాదనమని అడుగుతున్నట్టు చూశాడు. నేను తల వంచుకున్నాను. నా జీవితంలో చాలా తప్పులు చేశాను గానీ, ఆ తల వంచడం గుర్తొచ్చినప్పుడు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ నిమిషంలో నోరు విప్పి, నేను చేసింది తప్పు పెద్దయ్యా, నువ్వు చెయ్యకు అని ఉంటే కథ అక్కడితో ఆగేది. పెద్దాయన ప్రమాణం చెయ్యలేదు. మా వెనక తలుపు వేసుకున్నాడు.

తర్వాతి ఇళ్లలో బావ అదే మాట వాడాడు. నా బామ్మర్దే చేసిండు. కొందరు పెళ్లాం పిల్లలు చూస్తుండగా తడిబట్టలతో వచ్చి నిలబడ్డారు. వాళ్లు నోటితో సరేనన్నారు, కళ్లతో ఉమ్మేశారు. చెయ్యనన్నవాళ్లను సావుకారు మనుషులని బావ అక్కడికక్కడే అనేశాడు. వారం తిరిగేసరికి వాడలో చేసినవాళ్లు వేరు, చెయ్యనివాళ్లు వేరు అయ్యారు. ఇరువైపులవాళ్లకూ బావ అంటే గిట్టదు. అప్పటిదాకా ఆయన మీద ఒక్కరికీ ఏమీ లేదు, ఇది మాత్రం నేను ఎక్కడైనా చెబుతాను. ఆయన భయపడ్డ శత్రువులను ఆయనే ఒక్కొక్క గడప ఎక్కి తయారుచేసుకున్నాడు.

అధికారి వచ్చేందుకు ఇంకా నాలుగు రోజులున్నాయనగా నేను బావకు తెలియకుండా పెద్దాయన దగ్గరికి పోయాను. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. నూలు పోతే అందరం పోతాం, ఆ ఒక్క పూట ఆయన్ని ఒప్పుకోండి, తర్వాత మీరెట్ల అంటే అట్ల అన్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. మేం సంఘాన్ని వదలం, నీ బావకు మాత్రం అవునని అనలేం అన్నాడు. నేను ఇంటికొచ్చి బావకు చెప్పాను, పెద్దాయన ఇంటికి నువ్వే పోయి ఒక్కసారి, తప్పయింది పెద్దయ్యా అను, అంతా చక్కబడుతుంది అని. ఆయన నా మాట సగంలోనే పట్టుకున్నాడు.

నువ్వు ఆయన ఇంటికి ఎప్పుడు పోయినవ్ అని అడిగాడు.

ఇక ఆ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. మగ్గం మీద చీర అయిపోవచ్చి ఆగింది. అక్క మా ఇద్దరికీ వేర్వేరు వేళల్లో అన్నం పెట్టింది.

చెప్పిన రోజు పొద్దున పది గంటలకు అధికారి చావడికి వచ్చాడు. వాడ వాడంతా కదిలొచ్చింది. సావుకారు కూడా వచ్చి ఒక మూలన తాపీగా కూర్చున్నాడు. బావ కొత్త పంచె కట్టుకున్నాడు, ముందు వరసలో నిలబడ్డాడు. నేను నాలుగు వరసల వెనక నేల మీద కూర్చున్నాను.

మీ జిమ్మేదారు ఎవరని అడిగాడు అధికారి. బావ ముందుకొచ్చి, నేనే అన్నాడు. అందరికీ సమ్మతమేనా అని అడిగాడు అధికారి. ఎవరూ మాట్లాడలేదు. గుమస్తా అదే ప్రశ్న తెలుగులో అడిగాడు. మగ్గం ముట్టి ప్రమాణం చేసినవాళ్లు కూడా నేల చూపులు చూస్తున్నారు. బావ వెనక్కి తిరిగి ఒక్కొక్క ముఖమే చూశాడు. అంత దిక్కులేని చూపు ఆయనలో నేనెప్పుడూ చూడలేదు. లేచి వెళ్లి ఆయన పక్కన నిలబడాలనిపించింది.

అప్పుడు పెద్దాయన కర్ర ఊతంగా లేచాడు.

"మాకు సంఘం కావాలె సాబ్. ఈయన బామ్మర్ది అయితే అందరికీ సమ్మతం" అన్నాడు.

అవునవునని చావడి మొత్తం ఒక్కసారి కదిలింది. పది రోజులుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోని వాళ్లు కూడా తలలూపారు. అధికారికి నేను గుర్తున్నాను. దస్తూరీ బాగున్నవాడే కదా, లేచి నిలబడు అన్నాడు.

మిగిలినవాళ్లు, నేనూ వాళ్లలాగే బావ మాట దాటనని ప్రమాణం చేశాననుకున్నారు. నేను ఏమని మాటిచ్చానో అక్కడ ఉన్నవాళ్లలో ఇద్దరికే తెలుసు, బావకూ నాకూ. నేను బావనే చూశాను. మాట ఆయనకిచ్చింది, దాన్ని వదిలిపెట్టాల్సింది ఆయనే. లెమ్మని చెయ్యి ఊపినా చాలు, తల పంకించినా చాలు. ఆయనా నన్నే చూస్తున్నాడు, కళ్లార్పకుండా. పక్కనున్నవాళ్లు నా భుజం పట్టి లేపబోయారు. పిలిచి పిలిచి పెద్దాయన గొంతు పగిలింది. నేను లేవలేదు. నావల్ల కాదు సాబ్, మన్నించండి అని కూర్చున్న చోటినుంచే అన్నాను.

అధికారి ఇంకా కొంచెంసేపు చూసి, గుమస్తాను కాగితం అందుకోమన్నాడు. నూలు సావుకారు పేర రాసేశాడు. పెద్దాయన నా పక్కనుంచే నడిచి వెళ్లాడు, నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మళ్లీ కూలి నేత, లేకపోతే చేను. నా వల్ల అని నాకు తెలుసు, వాళ్లకు మాత్రం ఎందుకో తెలియదు. చెప్పి బావను నలుగురిలో నిలబెట్టడానికి నాకు మనసొప్పలేదు.

అందరూ వెళ్లాక ఇద్దరం మిగిలాం. మిట్టమధ్యాహ్నం ఎండలో ఒకరి పక్కన ఒకరం వాడ వైపు నడిచాం. మా ఇల్లు కనబడేదాకా వచ్చాం. కొత్త పంచె అంచు దుమ్ములో ఈడ్చుకుపోతోంది, ఎత్తి పట్టుకోవాలని కూడా తోచలేదు ఆయనకు.

"నువ్వు లేస్తవనుకున్న" అన్నాడు.

మగ్గం ముట్టిన కదా బావా, నువ్వు లెమ్మంటవని చూసిన అన్నాను.

ఆయన ఆగిపోయాడు. నన్ను కొత్తవాణ్ని చూసినట్టు చూశాడు.

"నువ్వు ఆ మాట మీద ఉంటవని నేను ఒక్క పూట కూడా నమ్మలే" అన్నాడు.